గాలిపెల్లి నుంచి లోక్‌సభకు

పి.వి.నరసింహారావు తాను పోటీ చేసిన మొట్టమొదటి ఎన్నికలో ఓడిపోయారు. అది 1952. దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు. కరీంనగర్ గడ్డ మీద కాంగ్రెస్ టికెట్‌తో లోక్‌సభకు నిలబడ్డప్పుడు ఆయన వయసు ముప్పై. వంగర గ్రామంలో భూములున్న ఇంటి బిడ్డ. నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చారు. చాందా శిబిరంలో ఉండి నిజాం పాలన మీద పోరాడారు. తర్వాతి రోజుల్లో ముఖ్యమంత్రీ, ప్రధానమంత్రీ అయ్యారు. అంతటి మనిషిని తొలి అడుగులోనే ఓడించినవారి పేరు ఈ రోజు జగిత్యాల బస్టాండులో పది మందిని అడిగితే ఎంతమంది చెబుతారో అనుమానమే.

ఆయన బద్దం ఎల్లారెడ్డి. ఊరు గాలిపెల్లి, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా ఇల్లంతకుంట మండలం. పుట్టింది 1906లో. పార్లమెంటుకు వెళ్లడానికి అయిదేళ్ల ముందు, 1947 సెప్టెంబర్ 11న, నిజాం మీద ఆయుధాలు పట్టండని తెలంగాణ ప్రజలకు ముగ్గురు కమ్యూనిస్టు నాయకులు పిలుపునిచ్చారు. రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, బద్దం ఎల్లారెడ్డి. మొదటి ఇద్దరి గురించి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి, ట్రస్టులున్నాయి. మూడో మనిషి మన పాత కరీంనగర్ జిల్లా మనిషి. మనమే ఆయన్ని మరిచిపోయాం.

ఇంకొక విశేషం ఉంది. ఆయుధాలు పట్టమన్న ఆ ముగ్గురూ అయిదారేళ్లు తిరగక ముందే చట్టసభల్లో కూర్చున్నారు. నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఎల్లారెడ్డి కరీంనగర్ నుంచి వెళ్లారు. మఖ్దూం హైదరాబాద్‌లో ఓడిపోయి, హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్లారు. తుపాకీ చేతబట్టినవాడు ఓటు అడగడానికి రావడం, జనం వేయడం, ఆ తర్వాత ఆయన్ని గెలిపించడమో ఓడించడమో మామూలు విషయం అయిపోవడం ప్రపంచంలో చాలా చోట్ల జరగని పని. మన దగ్గర జరిగింది. ఎట్లా జరిగిందో తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు మరీ ఎక్కువగా కనిపిస్తోంది.

చావడి ముందు మంట

నిజాం కాలంలో ఊరంటే దొర గడీ, పటేల్, పట్వారీ. వెట్టి అనేది చట్టంలో రద్దయిందన్నారు గానీ ఊళ్లో ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వెట్టి వాళ్లకుంది. అమీన్ సాబు గుర్రానికి గడ్డి దగ్గర నుంచి దొర ఇంట్లో పెళ్లికి కట్టెల దాకా ఊరే మోసేది. గింజ అప్పు తెచ్చుకుంటే నాగు (గింజల వడ్డీ) కట్టాలి. కట్టలేకపోతే కొడుకు జీతగాడిగా పోవాలి. తండ్రి అప్పు కొడుక్కి, కొడుకు అప్పు మనుమడికి వచ్చేది.

ఇదంతా నిలబడింది కాగితం మీద. సేత్వార్, పహాణీ, ఫైసల్ పట్టీ, తమస్సుక్. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు ఎంత బాకీనో పట్వారీ దస్త్రంలో ఉంటుంది. చదువు రాని రైతుకు అందులో ఏం రాసి ఉందో తెలియదు. నాలుగు తరాలుగా దున్నుతున్న చేను ఒక్క కలంపోటుతో ఇంకొకరిది అయిపోయేది. అందుకే కరీంనగర్ జిల్లాలో సాయుధ దళాలు ఊళ్లోకి వచ్చినప్పుడు చాలాసార్లు మొదట అడిగింది ఆ దస్త్రాలనే. పట్వారీ ఇంట్లోంచి మూటలు తెచ్చి చావడి ముందు కుప్ప పోసి నిప్పు పెట్టేవారు. ఊరంతా నిలబడి చూసేది. అప్పు పత్రం కాలుతుంటే ఆ ఇంటి మీద ఉన్న బరువు కాలుతున్నట్టే.

ఆ మంటలు పెట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు అనభేరి ప్రభాకరరావు. పోలంపల్లిలో దేశ్‌ముఖ్ కుటుంబంలో పుట్టి, తన వర్గం కాగితాలనే తగలబెట్టించినవాడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసులు, రజాకార్లు ఆయన దళాన్ని చుట్టుముట్టారు. సింగిరెడ్డి భూపతిరెడ్డితో సహా సహచరులతో కలిసి అక్కడే నేలకొరిగారు. ఆ రోజు వాళ్లు బతికి ఉంటే నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్ శాసనసభలో ఎక్కడో ఒక బెంచీ మీద కూర్చునేవారేమో. ఎల్లారెడ్డి గురించి రాస్తున్నప్పుడు ఈ ఆలోచన వదలదు. బతికిన నాయకుడికీ చనిపోయిన నాయకుడికీ మధ్య తేడా చాలాసార్లు ధైర్యంలో ఉండదు.

సిరిసిల్లకు ఈ చరిత్రలో అంతకు ముందునుంచే చోటుంది. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన. అప్పటికి సభ అడిగింది తెలుగు బడులు, గ్రంథాలయాలు, వెట్టి రద్దు. వినతిపత్రాల కాలం అది. 1944 భువనగిరి సభ నాటికి సంస్థ నిలువునా చీలింది. సభ్యత్వ చీటీలు పట్టుకుని ఊరూరా తిరిగిన సంఘాన్ని జనం 'చీటీల సంఘం' అన్నారు. చేతికి కర్ర వచ్చాక 'గుతప సంఘం' అన్నారు. వినతిపత్రం నుంచి గుతప దాకా, గుతప నుంచి భర్మారు తుపాకీ దాకా దశాబ్దం పట్టింది. ఎల్లారెడ్డి తరం ఎవరూ తుపాకీతో మొదలుపెట్టలేదు. నారాయణరెడ్డి 1930లో ఉప్పు సత్యాగ్రహానికి కాకినాడ వెళ్లినవాడు. 1938లో స్టేట్ కాంగ్రెస్ తొలి సత్యాగ్రహ జట్టులో అరెస్టయినవాడు. శాంతియుతంగా అడిగి అడిగి, జైలుకు పోయి వచ్చి, చివరికి ఆయుధం దాకా వచ్చారు.

మూడేళ్ల చీలిక

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మామూలుగా కథలు ఇక్కడ ముగుస్తాయి. కమ్యూనిస్టులకు మాత్రం అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. నిజాం పోయాడు, ఇక ఆయుధాలు ఎవరి మీద? పారిపోయిన దొరలు ఖద్దరు టోపీ పెట్టుకుని సైన్యం వెంట ఊళ్లకు తిరిగి వచ్చారు. పంచుకున్న భూములు వెనక్కి గుంజుకోవడం మొదలైంది. భూమి కాపాడుకోవాలంటే తుపాకీ దించకూడదన్నారు ఒక వర్గం. నిజాం లేనప్పుడు నెహ్రూ సైన్యంతో యుద్ధం చేయడం జనాన్ని చంపుకోవడమే అన్నారు ఇంకొక వర్గం. రావి నారాయణరెడ్డి రెండో పక్షాన నిలబడి బహిరంగంగానే వాదించారు.

ఈ వాదన ఈనాటికీ తెగలేదు. 1948 సెప్టెంబర్‌లోనే ఆపి ఉంటే వేల ప్రాణాలు మిగిలేవని సీపీఐ వైపు వారు అంటారు. ఆపి ఉంటే కౌలుదారీ చట్టం కూడా వచ్చేది కాదని అవతలివారు అంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజముందని నేను అనుకుంటాను. జాగీర్దారీ రద్దు 1949లో వచ్చింది. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950లో వచ్చింది. వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చి భూదానం మొదలుపెట్టింది 1951 ఏప్రిల్ 18న. అడవిలో తుపాకులు లేకుంటే ఈ మూడూ ఇంత తొందరగా జరిగేవని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. అదే సమయంలో, సైనిక క్యాంపుల్లో దెబ్బలు తిన్నదీ, దళాల చేతుల్లో 'ఇన్‌ఫార్మర్' అని ముద్రపడి చచ్చిందీ ఎక్కువ మంది బీదలే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పకపోతే ఆ పోరాటానికి న్యాయం చేసినట్టు కాదు.

1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. ఎన్నికలకు మిగిలింది కొద్ది నెలలు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి సొంత పేరుతో పోటీ చేయలేరు. పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్, అనే పేరుతో దిగారు.

పెట్టెలో వేసిన కాగితం

1952 ఎన్నికల్లో ఓటు వేసే పద్ధతి ఇప్పటి తరానికి తెలియదు. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లుండవు. గుర్తులుండవు. స్వస్తిక్ ముద్ర కూడా లేదు. పోలింగ్ గదిలో తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె వరుసగా పెట్టి ఉంటుంది. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. అధికారి చేతికి ఇచ్చిన కాగితాన్ని మడిచి, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావాలి. కరీంనగర్ లాంటి ద్విసభ్య నియోజకవర్గాల్లో రెండు ఓట్లు, రెండు కాగితాలు.

ఆ తెర వెనక దొర లేడు. పటేల్ లేడు. క్యాంపు జమేదారు లేడు. వెట్టికి పోయిన మనిషి, జీతానికి ఉన్న మనిషి, జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని తన ఇష్టం వచ్చిన చోట వేశాడు. అంతకు ముందు కాగితం అంటే వాళ్లకు అప్పు పత్రం, బేదఖలు నోటీసు, వారంటు. పట్వారీ దస్త్రాలు తగలబడుతుంటే చూసిన మనిషి నాలుగేళ్లకే కాగితంతో తన మనిషిని ఢిల్లీకి పంపాడు. సాయుధ పోరాటం నుంచి పార్లమెంటు దాకా వచ్చిన దారి నాకు ఇక్కడ తేటగా కనబడుతుంది.

ఫలితాలు దేశాన్ని ఆశ్చర్యపరిచాయి. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. దేశంలో ఏ అభ్యర్థికీ అన్ని రాలేదు, నెహ్రూకి కూడా. వరంగల్‌లో పెండ్యాల రాఘవరావు చేతిలో కాళోజీ ఓడిపోయారు. ప్రజాకవి ఓడిపోవడం, కాబోయే ప్రధాని ఓడిపోవడం ఒకే గాలిలో జరిగాయి. కరీంనగర్ రెండు స్థానాల్లో ఒకటి ఎల్లారెడ్డికి, రిజర్వుడు స్థానం షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు చెందిన ఎం.ఆర్.కృష్ణకు దక్కాయి. హైదరాబాద్ శాసనసభలో పీడీఎఫ్ 42 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షమైంది. ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి లాంటివారు దళాల నుంచి సభలోకి వచ్చారు. నిన్న కాల్పులు జరిపిన రాజ్యమూ, నిన్న కాల్పులకు ఎదురు నిలిచినవారూ ఒకే పైకప్పు కింద ప్రశ్నోత్తరాల సమయం కోసం ఎదురుచూడటం మొదలైంది.

ఎల్లారెడ్డి రాజకీయ జీవితం అక్కడితో ఆగలేదు. 1964 నుంచి 1970 దాకా రాజ్యసభలో ఉన్నారు. తర్వాత ఇందుర్తి నుంచి శాసనసభకు వచ్చారు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే మిగిలారు. ఆయన గురించి చెప్పేటప్పుడు చాలామంది 'మారిపోయాడు' అనో 'మెత్తబడ్డాడు' అనో ఒక మాట వేస్తారు. నాకు ఆ మాట సరి అనిపించదు. ఆయన వయసు పెరిగింది, చోటు మారింది. భూమి ప్రశ్న మాత్రం అదే. 1950 చట్టానికి 1954లో చేసిన సవరణల్లో రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షన్ వచ్చింది. ఇప్పటికీ మన తహసీల్ ఆఫీసుల్లో ముసలి రైతులు 'థర్టీ ఎయిట్ ఈ' అంటూ పాత సర్టిఫికెట్ లామినేషన్ చేయించి తెచ్చి చూపిస్తారు. చాలా జిల్లాల్లో ఆ సెక్షన్ 1973లో గానీ అమల్లోకి రాలేదు. చట్టం రాయించడం ఒక పోరాటం, అమలు చేయించడం అంతకంటే పొడుగు పోరాటం. రెండోదానికి తుపాకీ పనికిరాదు. ప్రశ్న అడగాలి, వాయిదా తీర్మానం పెట్టాలి, మళ్లీ మళ్లీ గెలవాలి.

1952లో ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయిన పి.వి., ఇరవై ఏళ్ల తర్వాత ముఖ్యమంత్రిగా భూపరిమితిని తలకెత్తుకున్నారు. ఆ పట్టుదల కూడా ఆయన కుర్చీకి ఎసరు పెట్టిన కారణాల్లో ఒకటి. 1973 నాటి భూసంస్కరణల చట్టం అమల్లోకి వచ్చేనాటికి ఆయన పదవిలో లేరు. కరీంనగర్ ఓటరు ఆయనకు మొదటి ఎన్నికలోనే ఏ ప్రశ్న వేశాడో అది ఆయన వెంట వచ్చిందని నమ్ముతాను.

మల్యాల రోడ్డు మీద మళ్లీ ఎర్రజెండా

1952 పరిష్కరించింది ఎంత, వదిలేసింది ఎంత అన్నది పాతికేళ్లకు బయటపడింది. అప్పటికీ జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో గడీలు నిలబడే ఉన్నాయి. జీతగాళ్లు ఉన్నారు. దొరల పంచాయితీలు, జరిమానాలు నడుస్తూనే ఉన్నాయి. శిఖం భూములు, బంజర్లు దొరల కింద ఉన్నాయి. ఎమర్జెన్సీ ఎత్తేశాక రాడికల్ విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అంటూ ఊళ్లకు వచ్చారు. రైతుకూలీ సంఘాలు లేచాయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు ఎడ్ల బండ్ల మీద, కాలినడకన పల్లెలకు పల్లెలు కదిలాయి. కొండగట్టు మీదుగా, మల్యాల మీదుగా, ధర్మపురి, కోరుట్ల దిక్కుల నుంచి వచ్చినవారితో ఆ చిన్న పట్నం నిండిపోయింది. పాలు, నీళ్లు, క్షౌరం, చాకిరి బందు పెట్టి దొరలను బహిష్కరించిన ఊళ్లున్నాయి. తీసుకున్న జరిమానా డబ్బులు దొర చేత్తోనే వెనక్కి ఇప్పించిన ఊళ్లున్నాయి.

ఆరు వారాలు తిరిగేసరికి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వాడిన చట్టం 1948 నాటిది. క్యాంపులు పడ్డాయి. యువకులు అడవి దారి పట్టారు. బీర్‌పూర్ నుంచి వెళ్లిన ముప్పాళ్ల లక్ష్మణరావు తర్వాత గణపతి పేరుతో మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. పెద్దపల్లి నుంచి మల్లోజుల అన్నదమ్ములు వెళ్లారు. 1980లో పీపుల్స్‌వార్ పుట్టాక ఆ పార్టీ మొదటి మాటే ఎన్నికల బహిష్కరణ. ఓటు వేసిన వేలు నరుకుతామన్న పోస్టర్లు చూసిన ఊళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. మంథని నుంచి గెలిచి స్పీకర్‌గా పనిచేసిన శ్రీపాదరావును 1999 ఏప్రిల్‌లో నక్సలైట్లు చంపారు. ఇటువైపు ఎన్‌కౌంటర్ల పేరిట వాగుల్లో, గుట్టల్లో పడిన శవాలు ఎన్నో. ఎల్లారెడ్డి తరం తుపాకీ నుంచి ఓటు దాకా అయిదేళ్లలో వచ్చింది. ఈ తరం నలభై ఏళ్లు తుపాకీ దగ్గరే ఉండిపోయింది. తల్లులు ముసలివాళ్లయి పోయారు.

ఈ చీకట్లో కూడా సిరిసిల్ల ఒక వింత పని చేసింది. ఆ సంగతి బయటి ప్రపంచానికి అంతగా తెలియదు. చెన్నమనేని రాజేశ్వరరావు అక్కడ సీపీఐ దిగ్గజం. 1923లో పుట్టి, సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతవాసం, జైలు చూసి, 1957లో చొప్పదండి నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లారు. ఇప్పుడు మల్యాల మండలం ఆ నియోజకవర్గంలోనే ఉంది. 1967, 1978, 1985లో సిరిసిల్ల నుంచి గెలిచారు. అలాంటి మనిషి 1989లో ఓడిపోయారు. ఓడించింది దొరల పార్టీ కాదు. విప్లవ కమ్యూనిస్టు శిబిరం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డ ఎన్.వి.కృష్ణయ్య. 1940ల పోరాటం నుంచి వచ్చిన నాయకుణ్ని 1970ల పోరాటం నుంచి వచ్చిన నాయకుడు ఓటుతో ఓడించాడు. 1994లో రాజేశ్వరరావు మళ్లీ గెలిచారు. 2004లో తెలుగుదేశం తరఫున ఆరోసారి గెలిచారు. 2016లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒకే ఇంట్లో ఎన్ని దారులో చూడండి. రాజేశ్వరరావు కమ్యూనిస్టు. తమ్ముడు సి.హెచ్.హనుమంతరావు దేశం మెచ్చిన ఆర్థికవేత్త, ప్రణాళికా సంఘం మాజీ సభ్యుడు. ఇంకో తమ్ముడు విద్యాసాగర్‌రావు బీజేపీ నుంచి మెట్‌పల్లి ఎమ్మెల్యే, కరీంనగర్ ఎంపీ, మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. కోనరావుపేట మండలం నాగారంలో ఒక తల్లి కడుపున పుట్టినవారి మధ్య ఇంత దూరం ఉండీ, ఒకరి మీద ఒకరు తుపాకీ ఎత్తవలసిన అవసరం రాలేదు. ఆ దూరమంతా సభ లోపల ఇమిడింది.

ఓడిపోయే హక్కు

సభ లోపల ఇమడటం ఎంత విలువైనదో అర్థం కావాలంటే మన వాళ్లు పని చేసుకుంటున్న ఇంకొక నేల వైపు చూడాలి. జగిత్యాల, నిజామాబాద్ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవారు లక్షల్లో ఉన్నారు. ఇజ్రాయెల్‌లో ముసలివారిని చూసుకునే పనిలో ఉన్నవారూ ఉన్నారు. గాజా మీద బాంబులు పడుతున్నాయని టీవీలో వచ్చినప్పుడల్లా మల్యాలలోనో కొడిమ్యాలలోనో ఒక ఇంట్లో ఫోన్ మోగే దాకా అన్నం సహించదు. ఆ యుద్ధం మనకు అంత దూరం కాదు.

పాలస్తీనాలోనూ తుపాకీ వదిలి సభకు వచ్చినవారున్నారు. సలాహ్ తమారి 1982లో లెబనాన్ యుద్ధంలో పట్టుబడ్డ ఫతా కమాండర్. దక్షిణ లెబనాన్‌లోని అన్సార్ శిబిరంలో వేల మంది ఖైదీలకు నాయకుడిగా నిలబడ్డాడు. 1983లో ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. 1996 జనవరిలో పాలస్తీనా శాసన మండలికి తొలి ఎన్నికలు జరిగితే బెత్లెహేం నుంచి గెలిచాడు. అదే ఎన్నికల్లో గెలిచిన మర్వాన్ బర్ఘూతి 2002లో అరెస్టయి, అయిదు యావజ్జీవ శిక్షలు పడి, 2006లో జైల్లో ఉండే మళ్లీ గెలిచాడు. మన పెండ్యాల రాఘవరావు కథ గుర్తుకు రాక మానదు. ఆయనా జైలు నుంచే గెలిచినవాడు.

తేడా తర్వాత వచ్చింది. 2006 జనవరి ఎన్నికల్లో హమాస్ 132లో 74 స్థానాలు గెలిచింది. ఏడాదిన్నరకే పాలస్తీనా రెండు ముక్కలైంది. మండలి సమావేశాలు ఆగిపోయాయి. 2018లో దాన్ని రద్దు చేస్తున్నట్టు అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రకటించింది. మళ్లీ శాసన మండలి ఎన్నికలు జరగనే లేదు. 2006లో పుట్టిన పిల్లవాడికి ఓటు వయసు వచ్చి దాటిపోయింది. ఆ పిల్లవాడు ఎవరినీ గెలిపించలేదు, ఎవరినీ ఓడించలేదు. ఆక్రమణ కింద ఉన్న నేలకూ స్వతంత్ర దేశంలోని ఒక జిల్లాకూ పోలిక పెట్టడంలో హద్దులున్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి మాత్రం తేలుతుంది. పోరాడే మనిషి రాజకీయ నాయకుడు కావాలంటే ఆయన మనసు మారితే చాలదు. అతను గెలిచే వీలూ, ఓడిపోయే వీలూ, ఓడిపోయినా బతికి ఉండి అయిదేళ్ల తర్వాత మళ్లీ నిలబడే వీలూ ఉన్న ఒక సభ కావాలి. రాజేశ్వరరావు 1989లో ఓడిపోయి ఇంటికి వెళ్లారు. 1994లో తిరిగి వచ్చారు. ఆ అయిదేళ్లలో ఆయన అడవికి పోవలసిన పని లేదు. ప్రజాస్వామ్యం మన జిల్లాకు ఇచ్చిన పెద్ద మేలు ఇది.

ములుగు నుంచి ఇప్పుడు రాష్ట్ర మంత్రిగా ఉన్న సీతక్క కూడా ఈ దారినే వచ్చారు. కౌమారంలోనే దళంలో చేరిన కోయ అమ్మాయి, బయటికి వచ్చి లా చదివి, 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడి, 2018లో, 2023లో గెలిచారు. 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. కరోనా లాక్‌డౌన్‌లో నెత్తిన మూటతో గుట్టలెక్కి గూడేలకు బియ్యం చేర్చిన ఆ మనిషికి ఆ దారులు ఎక్కడ తెలుసో చెప్పనక్కర లేదు.

ఇప్పుడు

2025 అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాలరావు అరవై మంది సహచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. పెద్దపల్లి నుంచి వెళ్లిన మనిషి, నలభై ఏళ్లకు పైగా అడవిలో ఉన్న మనిషి, రాజ్యాంగం ప్రతి పట్టుకుని మహారాష్ట్ర ముఖ్యమంత్రి పక్కన నిలబడ్డ ఫొటో పత్రికలన్నింటిలో వచ్చింది. ఆ తర్వాత తెలంగాణలో, ఛత్తీస్‌గఢ్‌లో ఇంకా చాలామంది వచ్చారు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఊళ్లకు ముసలితనంలో తిరిగి వస్తున్నవారిలో మన చుట్టాలున్నారు, మన బడి దోస్తులున్నారు.

వారిని ఏం చేద్దాం? పునరావాస ప్యాకేజీ, రివార్డు చెక్కు, ఇంటి జాగా ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ 1951-52లో జరిగింది అంతకంటే పెద్దది. తుపాకీ దించినవాళ్లకు ఓటు అడిగే చోటు దొరికింది. ఊళ్లోకి వచ్చి, 'మేం ఇందుకు పోరాడాం, ఇప్పుడు ఇట్లా పోరాడతాం' అని చెప్పుకునే వీలు దొరికింది. ఇప్పుడు బయటికి వచ్చినవారి మీద పాతికేళ్ల కిందటి కేసులు వేలాడుతున్నాయి. పెండింగ్ కేసు పోటీకి అడ్డం కాదు గానీ, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం శిక్షా కాలంతో పాటు విడుదల తర్వాత ఆరేళ్ల దాకా ఎన్నికల్లో నిలబడలేరు. అరవై, డెబ్బై ఏళ్ల మనిషికి అది జీవితకాల నిషేధంతో సమానం.

ఆదివాసుల భూములు, పోడు పట్టాలు, 1/70 చట్టం అమలు, ధరణి పోయి భూభారతి వచ్చినా తేలని సర్వే నంబర్లు, ఇవన్నీ ఇవాళ్టికీ చావడి ముందున్న ప్రశ్నలే. వాటి గురించి గొంతు ఎత్తగల మనుషులు అడవిలోంచి నడిచి బయటికి వస్తున్నారు. వాళ్లు సర్పంచ్‌కు నిలబడాలి, జడ్పీటీసీకి నిలబడాలి, ఎమ్మెల్యేకు నిలబడాలి. గెలిస్తే గెలుస్తారు, ఓడితే ఓడతారు. హత్యల బాధిత కుటుంబాల గోడు వినకుండా ఇది చేయమని నేను అడగడం లేదు. శ్రీపాదరావు ఇంటివారి దుఃఖమూ, ఎన్‌కౌంటర్లలో పోయిన పిల్లల తల్లుల దుఃఖమూ ఆ సభలో వినబడాలి.

ఈ కేసుల మీద ప్రభుత్వం ఒక కమిటీ వేయాలి. సాక్ష్యం లేనివి ఎత్తేయాలి. తీవ్రమైనవాటిని గడువు పెట్టి తేల్చాలి. పార్టీలు వీరిని వేదికల మీద అలంకారంగా కూర్చోబెట్టడం మాని టికెట్లు ఇచ్చే ధైర్యం చేయాలి. గాలిపెల్లిలో, కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి పేరుతో చిన్న గ్రంథాలయమైనా, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ అయినా ఉండాలి. ఆయుధాలు పట్టమని పిలిచిన మనిషికి ఓటు వేయడానికి 1952లో మన జిల్లా ఓటరు భయపడలేదు. ప్రభుత్వం కూడా భయపడనక్కర లేదు.